సరస్సా, సముద్రమా? – మార్కు సువార్తలో ఒక మాట

మన తెలుగు బైబిలులో లూకా 5వ అధ్యాయము తెరచినచో గెన్నేసరెతు సరస్సు కనబడును. మార్కు 1వ అధ్యాయములో అదే జలాశయము గలిలయ సముద్రమై యున్నది. ఇది అనువాదకుల పొరపాటు కాదు. గ్రీకు మూలములోనే లూకా ‘లిమ్నే’ అనియు, మార్కు ‘తలస్సా’ అనియు వ్రాసిరి. చిన్న సరస్సును సముద్రమనుట యేమని ప్రాచీనకాలమున ఒక అన్యమత విమర్శకుడు ఎగతాళి చేసెను.

కొల్లేటి ఒడ్డువారమైన మనకు ఈ ప్రశ్న మరింత సహజము. గలిలయ జలాశయము సుమారు 166 చదరపు కిలోమీటర్లు; 1999లో 5వ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటింపబడిన కొల్లేరు 308. అయినను కొల్లేటిని ఎవరును సముద్రమనరు. సముద్రము ఉప్పుటేరు చివర నున్నదని మన పిల్లలకును తెలియును.

హెబ్రీ భాషలో ‘యామ్’ అను ఒక్క మాట రెంటికిని చెల్లును. ఆ వాడుక ఒక కారణము. కాని మార్కు ఆ మాటచేత కథలో రెండు పనులు చేయించెను.

మొదటిది: 107వ కీర్తనలో సముద్రపు తుఫానును అణచువాడు యెహోవా. యోనా ఓడలో నిద్రించిన కథలో తుఫానును ఆపినవాడును ఆయనే. మార్కు 4వ అధ్యాయములో దోనెలో నిద్రించినవాడు తానే లేచి గాలికి ఆజ్ఞాపించుచున్నాడు. ఈయన దేవుడని మార్కు అక్కడ వ్రాయలేదు. ఈయన ఎవరను ప్రశ్నను శిష్యుల నోట ఉంచి, జవాబును వినువారికి విడిచెను.

రెండవది అద్దరి. పడమటి ఒడ్డున యూదులు. తూర్పున దెకపొలిలో ఎక్కువగా అన్యజనులు. ప్రభువు దోనె ఆ రెంటి మధ్య తిరుగుచుండును. యూదుల ప్రాంతమున ఐదువేలమంది తినగా 12 గంపలు మిగిలెను. దెకపొలికి వచ్చిన పిమ్మట నాలుగువేలమంది తినగా 7 గంపలు. ఉభయులకును రొట్టె చాలెను. 8వ అధ్యాయములో దోనెలోనే ప్రభువు శిష్యులను ఆ లెక్క మరల అడుగును.

సువార్తను కథగా చదివినచో విశ్వాసము పలుచబడునని కొందరి భయము. జాషువాగారు ఆ కథనే కావ్యముగా వ్రాయగా, ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. సువార్త అందువలన చిన్నబోలేదు. చదువురాని మన పూర్వులు సువార్తను విన్నదియు కథగానే గదా!

దోనె యన నేమో, అద్దరి యన నేమో తాటిదోనెలు నడిపిన కొల్లేటి లంకలవారికి ఎవరును బోధింపనక్కరలేదు. అయితే ఏలూరు నుండి తాడేపల్లిగూడెము వరకు మన సంఘములలో పేటకును పేటకును మధ్య నున్న అద్దరి నేటికిని పూర్తిగా దాటబడలేదు. ఒకే బల్లయొద్ద రొట్టె తీసికొని, పెండ్లి పందిరిలో వేరుగా కూర్చుండువారమున్నాము. ఈ శతవత్సర సంవత్సరమున దోనెను ఇద్దరినే కట్టివేసి స్తోత్రములు పాడినచో చాలునా? ప్రతి సంఘమును ఆలోచించుకొనవలెను.