చింతపిక్క చరిత్ర

చింతపండు లేని తెలుగువారి వంటయిల్లు అరుదు. పండు పులుసులోనికి పోవును, పిక్క పెంటమీదికి పోవును. ఆడపిల్లలు కొన్ని పిక్కలను ఏరుకొని వామనగుంటలు ఆడుకొందురు. తక్కినవానిని లెక్కచేయువారు తక్కువ. కాని చింతకాయ బరువును నూరు పాళ్లు చేసినచో గుజ్జు సుమారు 55 పాళ్లు, పిక్క 34 పాళ్లు, పైపెంకును పీచును 11 పాళ్లు ఉండును. అనగా మూడవవంతు పిక్కయే.

దాని విలువను మనకు తొలుత చూపినవారు చేతిపనివారు. కొండపల్లిలో బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱతో అవయవములను విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండిని రంపపుపొట్టుతో కలిపి, ఆ ముద్దతో అతికెదరు. ఆ ముద్దకు మక్కు అని పేరు. చేర్యాల నకాషీలు తమ పటముల గుడ్డకు సుద్దతోపాటు చింతపిక్కల జిగురును పట్టింతురు. జిగురు పట్టునని వారెరుగుదురు. ఎందుకు పట్టునో చెప్పవలసినది రసాయనశాస్త్రము.

పండ్లరసమును పేరుకొనజేయు పదార్థమునకు 1825లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు బ్రాకొనో పెక్టిన్ అని పేరుపెట్టెను. తరువాత ఐరోపాలో రసము పిండగా మిగిలిన ఆపిలుపిప్పి నుండి దానిని తీయసాగిరి. మనదేశమున 1942లో ఘోష్, కృష్ణ అను శాస్త్రజ్ఞులు తొక్కతీసిన చింతపప్పులో ఇట్లు పేరుకొను పదార్థము దాదాపు సగము కలదని ప్రకటించిరి. మొదట దానినిగూడ పెక్టిన్ అనిరి. కాని అది వేరు జాతిదని పిమ్మట తేలినది. పెక్టిన్‌కు చక్కెరతోపాటు పులుపు కావలెను. దీనికి చక్కెర చాలును, పులుపుతో పనిలేదు.

అది యుద్ధకాలము. గంజిపెట్టని నూలు మగ్గముపై రాపిడికి తెగును. ఆ గంజికి వాడుకలో నున్నది ధాన్యముల పిండి. 1943లో వంగదేశమున లక్షలాది జనులు అన్నములేక మరణించిరి. మనుష్యులు తినదగిన పిండిని దారములకు పూయుట ఎంతవరకు తగును? అట్టి దినములలో పిక్కపిండి గంజిగా మిల్లులకు చేరినది. నూలు మిల్లులయందును, జనపనార మిల్లులయందును అది స్థిరపడినది.

దానిని చేయు పద్ధతి సులభము. పిక్కలను వేయించినచో పైతొక్క పెళుసై ఊడును. లోని పప్పును పిండి చేయుదురు. తొక్కలో వగరు ఉన్నందున తోళ్లను పదునుచేయుటకు ప్రయత్నించిరి గాని, ఆ తోలు బిరుసెక్కి ముదురురంగు తేలును. పారవేసినదెల్ల బంగారమగునని అనుకొనరాదు.

నేడు శుద్ధిచేసిన పిక్కజిగురును ఆహారపదార్థములను చిక్కపరచుటకును, కంటితడి ఆరినవారికి వేయు చుక్కమందులలోను వాడుచున్నారు. ఆ పనికి పుచ్చిన పిక్క, బూజుపట్టిన పిక్క పనికిరాదు. కావున ఈ పరిశ్రమకు మొదటిమెట్టు యంత్రశాల కాదు. వేసవిలో ముంగిట కూర్చుండి చింతపండు కొట్టి, గింజతీసి, ఎండబెట్టు స్త్రీ చేతిలో అది ఉన్నది. పిండికి వచ్చు వెలలో ఆ చేతికి తగిన పాలు దక్కిననాడే పిక్క పెంటమీదికి పోవుట మానును.