ఇంటిపన్ను రూపాయిలో 8 పైసలు

పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ముందు పేజీల్లో చూసే ఉంటారు. ఈ పేజీలు లెక్కలవి కావు. పోయిన వేసవిలో జరిగిన ఒక చిన్న సంగతి మూలంగా రాయాల్సి వచ్చింది.

మన మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో బడులకు సెలవులివ్వగానే వేసవి విజ్ఞాన శిబిరం పెడతారు. పిల్లలకు కథలు చెప్తారు, వాళ్లచేత చదివిస్తారు, బొమ్మలు గీయిస్తారు. చదరంగం, క్యారమ్స్, కాస్త ఇంగ్లీషు మాట్లాడటం కూడా ఉంటుంది. ఫీజు ఏమీ లేదు. మన సంఘాల పిల్లలు చాలామంది వెళ్లారు. దింపిన తల్లులు ఆ ఎండలో ఇంటికి పోయి మళ్లీ రాలేక వరండాలోనే, పిల్లల చెప్పుల పక్కన కూర్చున్నారు. లోపల ఫ్యాను తిరుగుతున్నది, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. "లోపల కూర్చోండమ్మా" అని గ్రంథాలయాధికారి పిలిస్తే, "వద్దులే సార్, మాకేం పని లోపల" అన్నారు. తర్వాత నెలవారీ సమావేశంలో ఈ మాట వచ్చింది. ఒక అక్క అడిగింది: "అసలది ఎవరిది? మనం పోతే ఎవరూ ఏమీ అనరా?"

అక్కడ ఉన్న మాకెవరికీ గట్టిగా జవాబు చెప్పడం రాలేదు. అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఒక అక్కా తమ్ముడి సంగతి. అక్క పేరు భండారు అచ్చమాంబ. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే పెళ్లయింది, బడికి పోయింది లేదు. భర్త ఉద్యోగం నాగపూర్ వైపు. చదువుకోసం తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు వాళ్లింట్లో ఉన్నాడు. ఆ తమ్ముడి దగ్గరే ఆమె అక్షరాలు నేర్చుకున్నారు. ఆడవాళ్లు చదివితే తప్పు అనే రోజులవి. అలా నేర్చుకున్న మనిషి ఊరుకున్నారా? దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలన్నీ వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పుస్తకం రాశారు. అది 1901లో వచ్చింది. మరుసటి ఏడు మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. అంటే ఆడవాళ్లు ఒకచోట కూర్చుని తమ సంగతులు తామే మాట్లాడుకునే సంఘం. మన గ్రూపులకు అది ముత్తవ్వ వరస అనుకోవచ్చు. 30 ఏళ్లకే, 1905లో ఆమె కన్నుమూశారు.

అక్క పుస్తకం వచ్చిన ఆ 1901లోనే, సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో పెట్టారు. పెట్టినవాళ్లలో ఆ తమ్ముడు లక్ష్మణరావు ముఖ్యుడు. నైజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు దొరకని కాలం కాబట్టి అది పుస్తకాల గదిగా మిగలలేదు, తెలుగువాళ్లు కలుసుకునే ఇల్లయింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. ఇవతల కోస్తాలో 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పెట్టారు. ఆ తర్వాత ఊరూరా పాకలోనో, గుడి మండపంలోనో, ఎవరో ఇచ్చిన అరుగు మీదనో చిన్న చిన్న గ్రంథాలయాలు లేచాయి. పుస్తకాలు ఇళ్లు తిరిగి అడిగి తెచ్చుకున్నవే. సర్కారు పెట్టింది కాదు, ఊళ్లవాళ్లు పెట్టుకున్నవి.

1914 ఏప్రిల్ 10న ఆ గ్రంథాలయాలవాళ్లంతా బెజవాడ రామమోహన గ్రంథాలయంలో సభ చేసుకున్నారు. ఏప్రిల్‌లో బెజవాడ ఎండ ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాన్లు లేని రోజుల్లో ఆ ఎండకు వచ్చారంటే పట్టుదల ఎంతదో చూడండి. సభను నడిపించిన మనిషి అయ్యంకి వెంకట రమణయ్య, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిలకమర్తివారికి చిన్నప్పుడే రేచీకటి, తర్వాత చూపు పోయింది. ఆయన చెప్తుంటే ఇంకొకరు రాసేవారు, ఇంకొకరు చదివితే ఆయన వినేవారు. కళ్లతో చదవలేని మనిషిని తెచ్చి గ్రంథాలయాల సభకు పెద్దగా కూర్చోబెట్టారు. మాకు అక్షరాలు రావు, పుస్తకాల గదిలో మాకేం పని అనే అక్కలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గ్రంథాలయంలో చదివేవాళ్లకు ఎంత చోటుందో, వినేవాళ్లకూ అంతే ఉంది. ఆ కాలపు గ్రంథాలయాల్లో పత్రిక ఒకరు పైకి చదివితే పదిమంది విన్నారు. రాత్రిబడులు నడిపారు, హరికథలు, బుర్రకథలు పెట్టారు.

ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. విడివిడిగా ఉన్న గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒక సంఘం, మన భాషలో చెప్పాలంటే సమాఖ్య. అయ్యంకివారు జీవితమంతా ఆ పనిలోనే ఉన్నారు. 1972లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మా అందరికీ బాగా నచ్చిన సంగతి పడవది. గుంటూరు జిల్లా పెదపాలెం మనిషి పాతూరి నాగభూషణం. 1935లో ఆయన పుస్తకాలను పడవకెక్కించారు. పెదపాలెం నుంచి కొల్లూరు వైపు కాలువ మీద పడవ పోతుంటే ఎక్కినవాళ్లు చదువుకున్నారు, కాలువ వెంట ఊళ్లవాళ్లకు పుస్తకాలు అందాయి. డెల్టాలో అప్పుడు రోడ్లు తక్కువ. మనుషులు, ధాన్యం బస్తాలు, పెళ్లివారు అంతా పడవల మీదే. జనం గ్రంథాలయం దాకా రాలేకపోతే గ్రంథాలయమే వాళ్లు పోయే దారిలోకి వెళ్లింది. మా సమావేశంలో ఈ సంగతి చదివినప్పుడు ఒక పెద్దమ్మ, "మరి ఎండాకాలం కాలువ కట్టేస్తారు కదా, అప్పుడెట్లా?" అని అడిగింది. కాలువ మీద బతికిన మనిషికే వస్తుంది ఆ ప్రశ్న.

చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ ఉంది. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. వీలైతే ఒకసారి అందరం కలిసి చూసి రావచ్చు.

ఇక ఆ అక్క అడిగిన ప్రశ్నకు వద్దాం. చందాలతో నడిచిన గ్రంథాలయాలు చందాలు ఆగితే మూతపడేవి. అందుకని చట్టం అడిగారు. ఆంధ్ర ప్రాంతానికి 1948 మద్రాసు చట్టం, తెలంగాణకు 1955 హైదరాబాదు చట్టం ఉండేవి. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. జిల్లాకో జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. దానికి డబ్బు ఎక్కడిది? మన ఇంటిపన్నులోది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పంచాయతీ గానీ, మునిసిపాలిటీ గానీ ఇంటిపన్నుతో కలిపి దాన్ని వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇంటిపన్ను వెయ్యి రూపాయలైతే గ్రంథాలయానికి 80 రూపాయలు. నమ్మకం లేకపోతే రసీదు తీసి చూడండి. నీటి పన్ను, లైటు పన్ను కాలమ్‌ల పక్కన గ్రంథాలయ పన్ను కాలమ్ ఉంటుంది.

కాబట్టి అక్కా, అది మనది. వరండాలో చెప్పుల పక్కన కూర్చున్న తల్లులందరూ ఆ ఫ్యానుకూ ఆ కుర్చీలకూ ఏటేటా డబ్బు కట్టినవాళ్లే. వసూలైన పన్ను పంచాయతీల దగ్గరే ఆగిపోయి గ్రంథాలయాలకు బకాయి పడుతున్నదని పేపర్లలో చూస్తూనే ఉన్నాం. సంఘంలో వాయిదా ఒక్క నెల తప్పితే మనం ఊరుకోం. మరి ఈ వాయిదా సంగతి ఎవరు అడగాలి?

చదువుకూ మన సంఘాలకూ సంబంధం ఏమిటి అనేవాళ్లకు నెల్లూరు సంగతి చెప్పాలి. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచింది. పొద్దంతా కూలిచేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు వెలుగులో వాచకం పట్టుకున్నారు. ఆ వాచకంలో సారా మూలంగా కష్టపడ్డ సీతమ్మ కథ ఉంది. చదివినవాళ్లకు అది పుస్తకంలో కథలాగా అనిపించలేదు, తమ ఇంటి సంగతే అనిపించింది. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు ఊళ్లోకి సారా రానివ్వలేదు. అది జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు మిగిలింది. ఆ నెల్లూరులోనే రోజుకు రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి సంఘాలు మొదలైనాయి. మనలో పెద్దవాళ్లు కొందరు ఆ రోజుల నుంచీ పొదుపు చేస్తున్నవాళ్లే. అంటే మన పాసుపుస్తకాల వెనుక ఒక వాచకం ఉంది.

ఇప్పటి మన గ్రంథాలయం సంగతి ఉన్నదున్నట్టు రాస్తాం. పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరుస్తారు. పొద్దున ఆ వేళకు మనం వంటలో గానీ చేలో గానీ ఉంటాం. సాయంత్రం ఆ వేళకు నీళ్లు, గొడ్లు, మళ్లీ వంట. ఆడవాళ్లు రారు అంటారు గానీ, ఏ వేళ తెరిస్తే వస్తారో ఎవరూ అడగలేదు. మరుగుదొడ్డికి తలుపు గడియ లేదు. పేపర్ల బల్ల చుట్టూ ఎప్పుడూ మగవాళ్లే. వాళ్ల తప్పు అనడం లేదు, మనం వెళ్లకపోతే వాళ్లే ఉంటారు. ఇంకోవైపు ఉద్యోగ పరీక్షలకు చదివే ఆడపిల్లలు అక్కడి పుస్తకాలతోనే తయారవుతున్నారు. కోచింగుకు పోలేని మన పిల్లలకు అది పెద్ద ఆసరా. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికి కూడా ఇస్తారు. గ్రంథాలయం లేని ఊరికి బుక్ డిపాజిట్ సెంటర్ అడగవచ్చు.

ఇవన్నీ మాట్లాడుకుని కార్యవర్గం తీర్మానం రాసింది. వేసవి రెండు నెలలు మధ్యాహ్నం పూట కూడా తెరవాలని, మరుగుదొడ్డి బాగు చేయించాలని, శిబిరం జరిగే రోజుల్లో తల్లులకు పత్రిక చదివి వినిపించే గంట ఒకటి పెట్టాలని అడిగాం. వేళలు మార్చడం తన చేతిలో లేదని గ్రంథాలయాధికారి ముందే చెప్పారు, అందుకే అర్జీ జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇచ్చాం. వేళల గురించి ఈ నివేదిక అచ్చుకు పోయేనాటికి జవాబు రాలేదు. గడియ మాత్రం బిగించారు. చదివి వినిపించే గంటకు ఆయన ఒప్పుకున్నారు, చదివేవాళ్లను మనమే పంపాలి. ఇంటరు చదివిన ఇద్దరు సభ్యులు పేర్లిచ్చారు, ఇంకో ఇద్దరు కావాలి.

ఏప్రిల్ సమావేశానికి వచ్చేటప్పుడు అందరూ ఇంటిపన్ను రసీదు తెచ్చుకోండి. గ్రంథాలయ పన్ను ఎంత కట్టామో ఊరివారీగా కూడి, ఆ కాగితం అర్జీకి జతచేసి మళ్లీ పంపుతాం.