తెర నుంచి తెరకు: ఆండ్రాయిడ్‌లో ఆబ్జెక్టుల బదిలీ పద్ధతుల చరిత్ర (1997–2024)

వ్యాససంగ్రహం:
మొబైల్ యాప్‌లో ఒక తెర నుంచి మరొక తెరకు ఆబ్జెక్టును పంపడం అంటే నిజానికి దాని ప్రతిని బైట్ల వరుసగా రాసి పంపడమే. అవతలి తెర ఆ వరుసను చదివి కొత్త ఆబ్జెక్టును నిర్మించుకుంటుంది. ఈ రాత-చదువుల పద్ధతి జావా సీరియలైజేషన్‌తో మొదలై, ఆండ్రాయిడ్ పార్సెలబుల్ మీదుగా, గుర్తింపు సంఖ్యను మాత్రమే పంపే నేటి పద్ధతి వరకు ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పులను ఎక్కువగా వేగం కోణం నుంచే వివరిస్తుంటారు. చదివేవాడు రాసినవాడిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్న కూడా ఈ చరిత్రను అంతే బలంగా నడిపించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సీరియలైజేషన్, పార్సెలబుల్, బైండర్, ఇంటెంట్, బండిల్, ఆండ్రాయిడ్.

1. ఉపోద్ఘాతం:
ఒకే యాప్‌లోని రెండు తెరలు సాధారణంగా ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో ఉంటాయి. అలాంటప్పుడు ఆబ్జెక్టును నేరుగా అందించకుండా బైట్లుగా మార్చడం ఎందుకు? దీనికి సమాధానం ఆండ్రాయిడ్ నిర్మాణంలోనే ఉంది. ఒక తెర మరొక తెరను స్వయంగా తెరవదు. తెరవమని కోరుతూ ‘ఇంటెంట్’ అనే అభ్యర్థనను వ్యవస్థకు పంపుతుంది. వ్యవస్థ వేరే ప్రాసెస్‌లో ఉంటుంది కనుక ఆ అభ్యర్థన ప్రాసెస్ సరిహద్దు దాటి వెళ్లి తిరిగి రావాలి. తెరవవలసిన తెర మరొక యాప్‌ది కావచ్చు. మెమరీ చాలనప్పుడు వ్యవస్థ యాప్‌ను ఆపివేసి, తరువాత అదే తెరను తిరిగి నిలబెట్టవలసి రావచ్చు. ఈ సందర్భాలన్నింటిలో మెమరీ చిరునామాకు విలువ ఉండదు. రాసిపెట్టిన ప్రతి ఒక్కటే నిలుస్తుంది.

2. జావా వారసత్వం:
1997 ఫిబ్రవరిలో విడుదలైన జేడీకే 1.1తో జావాలోకి సీరియలైజేషన్ వచ్చింది. దీనిని వాడడం చాలా సులువు. ‘సీరియలైజబుల్’ అనే ఇంటర్‌ఫేస్‌ను ప్రకటిస్తే చాలు; అందులో రాయవలసిన మెథడ్ ఒక్కటీ లేదు. క్లాసు పేరు, ఫీల్డుల పేర్లు, వాటి రకాలు, విలువలు, ఒక ఆబ్జెక్టు నుంచి మరొకదానికి ఉన్న సంబంధాలు అన్నింటినీ భాషే నమోదు చేస్తుంది. రాసిన నాటి క్లాసు, చదివే నాటి క్లాసు ఒకటేనా అని తేల్చడానికి ఒక కూర్పు సంఖ్య ఉంటుంది. అంటే ప్రతితో పాటు దాని పీఠిక కూడా ప్రయాణిస్తుంది.

ఆ పీఠికకు మూల్యం ఉంది. క్లాసు స్వరూపాన్ని రన్‌టైమ్‌లో పరిశీలించడానికి సమయం పడుతుంది, తాత్కాలిక ఆబ్జెక్టులు పుట్టుకొస్తాయి. సర్వర్లలో ఇది పెద్దగా కనిపించకపోవచ్చు. 2008లో ఆండ్రాయిడ్ 1.0తో వచ్చిన తొలి ఫోన్‌లో ఉన్నది 192 ఎంబీల ర్యామ్. అందులో ఒక్కో యాప్‌కు దక్కిన హీప్ 16 ఎంబీలు. అక్కడ ఈ ఖర్చు భారమైంది.

3. బైండర్, పార్సెలబుల్:
ఆండ్రాయిడ్ ఎంచుకున్న మార్గానికి మూలాలు జావాలో లేవు. బీ ఇన్‌కార్పొరేటెడ్ సంస్థలో బైండర్ ఆలోచన రూపుదిద్దుకుంది. 2001లో ఆ సంస్థ ఆస్తులను పామ్ కొనుగోలు చేసింది. పామ్‌సోర్స్ దీనిని 2005లో ఓపెన్‌బైండర్ పేరుతో బహిరంగపరచింది. ఆ పని చేసిన ఇంజనీర్లలో డయాన్ హాక్‌బోర్న్ వంటివారు తరువాత ఆండ్రాయిడ్ బృందంలో చేరారు. బైండర్ ద్వారా వెళ్లే సమాచారపు మూట పేరు ‘పార్సెల్’. అందులోకి తనను తాను రాసుకోగల ఆబ్జెక్టు ‘పార్సెలబుల్’.

పార్సెల్‌లో ఫీల్డుల పేర్లు ఉండవు. విలువలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. ఏ వరుసలో రాశారో అదే వరుసలో చదవాలి. తాళపత్ర ప్రతులను పరిష్కరించినవారికి ఈ స్థితి పరిచితమే. పదాల మధ్య ఎడం లేని ఆ రాతలో ఛందస్సు, వ్యాకరణం తెలిసినవాడే సరైన పదచ్ఛేదం చేయగలడు. ఒకచోట తప్పితే తరువాతి పదాలూ తప్పుతాయి. పార్సెల్‌కూ ఇంతే. రాసే కోడ్ ఒక పూర్ణాంకాన్ని రాసి, చదివే కోడ్ దానిని వదిలేస్తే ఆపై చదివినదంతా పక్కకు జరుగుతుంది. అందుకే పార్సెల్‌ను శాశ్వత నిల్వకు వాడరాదని ఆండ్రాయిడ్ పత్రాలే హెచ్చరిస్తాయి. అది ప్రయాణానికి ఉద్దేశించిన రాత, భద్రపరచడానికి కాదు.

4. పరిమాణం అనే హద్దు:
ఒక ప్రాసెస్‌లో ఏకకాలంలో జరిగే బైండర్ లావాదేవీలన్నింటికీ కలిపి ఉన్న స్థలం సుమారు 1 ఎంబీ. ఈ హద్దు దాటినప్పుడు వచ్చే లోపానికి ఆండ్రాయిడ్ 4.0.3లో ప్రత్యేకమైన పేరు ఏర్పడింది. అయినా చాలా సందర్భాల్లో వ్యవస్థ దానిని నమోదు చేసి ఊరుకునేది. 2016 నాటి ఆండ్రాయిడ్ 7.0 నుంచి దాచడం మాని, యాప్ ఆగిపోయేలా లోపాన్ని బయటపెట్టసాగింది.

తెలుగు పాఠానికి సంబంధించి ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పార్సెల్ సాధారణంగా అక్షరమాలను యూటీఎఫ్-16లో రాస్తుంది. జావా సీరియలైజేషన్ యూటీఎఫ్-8కు దగ్గరి రూపంలో రాస్తుంది. ‘తెలుగు’ అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు యూనికోడ్ సంకేతాలు. పార్సెల్‌లో ఆ మాటకు 12 బైట్లు, జావా సీరియలైజేషన్‌లో 18 బైట్లు పడతాయి. ఆంగ్ల అక్షరాల విషయంలో లెక్క తారుమారవుతుంది: పార్సెల్‌లో రెండేసి బైట్లు, జావాలో ఒక్కొక్కటి.

5. నమ్మకం అనే ప్రశ్న:
2014లో బయటపడిన సీవీఈ-2014-7911 లోపం ఈ చరిత్రలో కీలకం. ఆండ్రాయిడ్ 5.0కు ముందరి కూర్పుల్లో, వచ్చిన బైట్లు పేర్కొన్న క్లాసు నిజంగా సీరియలైజబుల్ అవునో కాదో సరిచూడకుండానే ఆబ్జెక్టును నిర్మించేవారు. దానితో సాధారణ యాప్ వ్యవస్థ ప్రాసెస్ అధికారాలను పొందే దారి ఏర్పడింది. ప్రతితో వచ్చిన పీఠికను చదువరి గుడ్డిగా నమ్మడమే ఇక్కడి దోషం.

పీఠిక లేని పార్సెలబుల్ కూడా సురక్షితం కాలేకపోయింది. వ్యవస్థలోని కొన్ని క్లాసుల్లో రాసే క్రమానికీ చదివే క్రమానికీ తేడా ఉండేది. వాటిని ఆధారం చేసుకుని, తనిఖీ వేళ ఒక అర్థమూ తనిఖీ ముగిసి మరో ప్రాసెస్‌కు చేరాక మరో అర్థమూ ఇచ్చే బండిల్‌ను తయారుచేయవచ్చు. ఇటువంటి పలు లోపాలను 2017, 2018 సంవత్సరాల భద్రతా నవీకరణల్లో సవరించారు. అదే కోవకు చెందిన సీవీఈ-2023-20963 అప్పటికే దుర్వినియోగమవుతున్న సూచనలున్నట్లు 2023 మార్చి ప్రకటన తెలిపింది.

ఈ లోపాలకు స్పందన రెండు దిశల్లో వచ్చింది. మొదటిది, చేతిరాతను తగ్గించడం: 2017లో కోట్లిన్ 1.1.4 ‘పార్సెలైజ్’ సదుపాయాన్ని తెచ్చింది. రాసే కోడ్, చదివే కోడ్ రెండింటినీ కంపైలరే పుట్టిస్తే క్రమభంగానికి అవకాశం తగ్గుతుంది. రెండవది, చదవడాన్ని కట్టడి చేయడం: 2022 నాటి ఆండ్రాయిడ్ 13లో బండిల్‌లోని సంక్లిష్టమైన విలువలకు ముందు వాటి పొడవును నమోదు చేసి, అడిగినప్పుడే చదివే పద్ధతి వచ్చింది. ఏ రకపు ఆబ్జెక్టును ఆశిస్తున్నామో చదువరి ముందుగా చెప్పే మెథడ్‌లూ అప్పుడే చేరాయి. తాళపత్రంలో పదాల మధ్య ఎడం ఇచ్చినట్లయింది. ఒక పదాన్ని తప్పు చదివినా ఆ తప్పు తరువాతి పదానికి పాకదు.

6. ముగింపు:
2024 సెప్టెంబరులో వచ్చిన నావిగేషన్ 2.8.0, తెరల మధ్య మార్గాలను కోట్లిన్ సీరియలైజేషన్ సహాయంతో రకబద్ధంగా నిర్వచించే వీలు కల్పించింది. సీరియలైజేషన్ అన్న మాట ఇలా తిరిగి వచ్చినా దాని అర్థం మారింది. మొత్తం ఆబ్జెక్టును పంపవద్దని, గుర్తింపు సంఖ్య వంటి కనీస సమాచారాన్ని పంపి, మిగతాది అవతలి తెర డేటాబేస్ నుంచి తెచ్చుకోవాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

దీనిని వేగం కోసం చేసిన సర్దుబాటుగా మాత్రమే చూస్తే చరిత్ర సగమే అర్థమవుతుంది. ప్రతి పెద్దదైన కొద్దీ అది పాతబడే అవకాశం, తప్పు చదివే అవకాశం, మోసపోయే అవకాశం పెరుగుతాయి. సుమారు పాతికేళ్ల అనుభవం తరువాత ఈ రంగం చేరుకున్న నిర్ణయం పాఠపరిష్కర్తలకు కొత్తది కాదు: ప్రతుల సంఖ్య తగ్గాలి, మూలం ఒకచోట ఉండాలి, చదువరికి మూలం చిరునామా తెలిసి ఉండాలి.