చెరకు తోటల్లో కొరియా చర్చి

పరాయి ఊళ్ళో కాపురం పెట్టినవాళ్ళకు మొదట కావలసింది తమ మాట మాట్లాడే మనిషి. 1903 జనవరి 13న గేలిక్ అనే ఓడ దిగి హవాయి చెరకు తోటల్లో కూలికి కుదిరిన వంద పైచిలుకు కొరియావారికి ఆ మనిషి చర్చిలోనే దొరికాడు. వారిలో చాలామంది ఇంచాన్ రేవులోని మెథడిస్టు చర్చివాళ్ళే, పాదిరీగారి మాట నమ్మి ఓడెక్కారు.

1910లో జపాను కొరియాను కలిపేసుకుంది. ఇక చెప్పుకోను దేశమేదీ? చర్చే పిల్లలకు కొరియా అక్షరాలు దిద్దించే బడీ, స్వాతంత్ర్యపు చందాలు పోగుచేసే చోటూ అయింది.

1924 దాకా ఫోటో చూసి పెళ్ళికొప్పుకున్న ఆడపిల్లలు వందల్లో వచ్చారు. తీరా చూస్తే చాలామంది పెళ్ళికొడుకులు ఫోటోలో కంటే ఎంతో పెద్దవాళ్ళు! ఏం చేస్తారు పాపం? ఆ ఇల్లాళ్ళే తోటపని చేసి, మగకూలీల బట్టలుతికి నాలుగు డబ్బులు కూడబెట్టారు. 1919లో కొరియాలో మార్చి ఉద్యమం లేచినప్పుడు సహాయసంఘం పెట్టుకుని, దెబ్బలు తిన్నవారి కుటుంబాలకు డబ్బు పంపారు.

అందరూ ఒక్కమాట మీదున్నారనుకోకండి. అమెరికను పాదిరీల పెత్తనం గిట్టక సింగ్మన్ రీ 1918లో వేరే చర్చి పెట్టాడు. దానికి 1938లో హోనలూలులో కట్టిన భవనం ముఖద్వారాన్ని సియోల్ రాజకోట సింహద్వారంలాగా తీర్చారు.