పట్టా అందని అడవి

కెన్యా రాజధాని నైరోబీ పేరెత్తగానే, ప్రణాళిక లేక ఎటుబడితే అటు పెరిగిపోయిన ఊరని తేల్చేయడం మామూలైపోయింది. చరిత్ర తిరగేస్తే ఆ మాట నిలబడదు. 1899లో మొంబాసా నుంచి వస్తున్న రైలుపట్టాలు అక్కడికి చేరేనాటికి ఊరన్నదే లేదు. మాసాయి కాపరులు పశువుల్ని నీళ్లకు తోలుకొచ్చే చిత్తడి నేల అది. వాళ్ల భాషలో చల్లటి నీరు అనే మాటే ఊరి పేరైంది. అక్కణ్ణించి దారి కొండలెక్కుతుంది కనుక ఇంజనీర్లు చదును చూసుకుని డిపో వేశారు. తొలి వీధులు గీసిందీ రైల్వేవాళ్లే. అంటే నైరోబీ పుట్టుకతోనే కాగితం మీద గీసిన ఊరు. దాని మురికివాడలు కూడా ఆ ప్రణాళికల నుంచే పుట్టాయని నా వాదన. ఎవరు ఊరివాళ్లో, ఎవరు పనికొచ్చి పోయేవాళ్లో ఆ గీతలు ముందే తేల్చేశాయి.

సాక్ష్యం నేలలోనే ఉంది. పడమటి మెరకలు ఎర్రమట్టి. నీరు నిలవదు, చెట్టు ఏపుగా ఎదుగుతుంది. అవి యూరోపియన్లకు దక్కాయి. తూర్పు మైదానం నల్లరేగడి. వానొస్తే జిగట బురద, ఎండొస్తే నెర్రెలు. అలాంటి నేల మీద గోడ లేపడమెంత కష్టమో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. ఆఫ్రికన్ల బస్తీలు ఎక్కువగా ఆ వైపే వెలిశాయి. 1902లో ప్లేగు సోకితే భారతీయుల బజారును అధికారులు తగలబెట్టించారు. అంతకుముందు కలకత్తాలో ఆరోగ్యాధికారిగా చేసిన డబ్ల్యూ. జె. సింప్సన్, జాతులవారీగా నివాసాలను విడదీయాలని 1913లో పారిశుద్ధ్యం పేరుతో సిఫారసు చేశాడు. పట్టణాల్లో నిర్బంధ వేర్పాటు వద్దని 1923లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రకటించినా, భూమి దస్తావేజుల షరతుల్లో అది బతికే ఉండిపోయింది. ఆఫ్రికన్ మగవాడు కిపాండే అనే గుర్తింపు పత్రం మెడలో వేలాడేసుకుని తిరగాల్సి వచ్చేది. పని ఉన్నంతకాలమే అతనికి ఊళ్లో చోటు. అతనికి పెళ్లాంబిడ్డలుంటారని, ముసలితనం వస్తుందని ప్లాను ఒప్పుకోలేదు. కుటుంబం లెక్కలోకి రాకపోతే ఇల్లు కట్టక్కర్లేదు, బడి పెట్టక్కర్లేదు, నీటిగొట్టం వేయక్కర్లేదు.

ఈ తీరు ఎంత దూరం పోయిందో నైరోబీలోని కిబేరా మురికివాడలో కనిపిస్తుంది. ఆ పేరుకు మూలమైన కిబ్రా అంటే నూబియన్ల భాషలో అడవి. బ్రిటిష్ వలస సైన్యమైన కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్‌లో పనిచేసిన ఈ సూడాన్ మూలాల నూబియన్ సైనికులను ఈ అడవిలో స్థిరపడనిచ్చింది సాక్షాత్తూ ప్రభుత్వమే. 1918లో సుమారు 4,197 ఎకరాలను సైనిక రిజర్వుగా గెజిట్‌లో ప్రకటించారు కూడా. పట్టా మాత్రం ఇవ్వలేదు. నేల ప్రభుత్వానిది, మీరు కౌలుదార్లే అన్నారు. హక్కు లేని నేల మీద రేకు, కర్ర, మట్టి తప్ప ఇంకేం నిలబెడతారు? తరవాతి దశాబ్దాల్లో పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ గదుల్లోనే అద్దెకు దిగారు. పదడుగుల గదిలో ఇంటిల్లిపాదీ బతుకుతారు; నీళ్లు పసుపురంగు క్యాన్లలో కొనుక్కుంటారు. పక్కనే 1906 నాటి గోల్ఫ్ క్లబ్బు. తుప్పుపట్టిన రేకుల కప్పులు ఎక్కడ ఆగిపోతాయో సరిగ్గా అక్కడ పచ్చిక మొదలవుతుంది. ప్రభుత్వమే కూర్చోబెట్టిన జనాన్ని ఆక్రమణదారులనడం నాకు మింగుడుపడదు. కిబేరాలో పది లక్షలమంది ఉన్నారని ఏళ్లతరబడి చెప్పుకున్నారు. 2009 జనగణన 1,70,070 అని తేల్చింది. లెక్కలో ఇంత తేడా ఉండటమే ఆ జనాన్ని ఎవరూ సరిగా పట్టించుకోలేదనడానికి రుజువు.

జనం అంత వేగంగా పెరిగితే ఏ ప్రణాళికైనా చేతులెత్తేస్తుందని ఒక అభ్యంతరం. 1948లో దాదాపు 1,19,000 ఉన్న జనాభా 2019కి 43,97,073 అయింది. ఆ భారం కొట్టిపారేయదగింది కాదు. అయితే 1963లో నగర హద్దులు దాదాపు 690 చదరపు కిలోమీటర్లకు విస్తరించాయి, నేలకు కరువు రాలేదు. 1970లలో ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలోని దండోరాలో దాదాపు 6,000 ప్లాట్లు వేసి, నీళ్లు, మరుగుదొడ్డి సమకూర్చి, మిగతా ఇల్లు ఎవరికివారు కట్టుకోమన్నారు. ఆ పథకంలో లోపాలున్నాయి, ప్లాట్లు అద్దె గదులుగా మారాయి. అయినా జనం ఇళ్లు కట్టుకున్నారు. ఇవ్వాల్సింది కాలు మోపే చోటని అది చూపింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది: స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్లు దాటాక కూడా వలసపాలకులనే తిట్టుకోవడమేమిటని. నిజమే, వాళ్ల మీదికే నెట్టేస్తే అబద్ధమవుతుంది. పేదవాడి ఇంటిని చట్టవిరుద్ధం చేసే పాత నిర్మాణ నిబంధనలను కొత్త పాలకులు అలాగే అట్టిపెట్టారు. ప్రభుత్వ భూములు పలుకుబడిగలవాళ్ల పరం ఎలా అయ్యాయో 2004లో ఎన్డుంగు కమిషన్ నివేదిక బయటపెట్టింది. గీతలు గీసిన చేతులు మారాయి, గీతలు మారలేదు. అందుకే నా వాదన స్వాతంత్ర్యం వచ్చిన 1963 దగ్గర ఆగదు.

2017లో నూబియన్ల సమాజానికి కిబేరాలో ఉమ్మడి పట్టా అందింది. వందేళ్ల నిరీక్షణ తరవాత వచ్చిన ఆ కాగితం చిన్న విషయం కాదు. అందులో రాసింది 288 ఎకరాలు; నాటి రిజర్వులో నూటికి ఏడు వంతులు. అక్కడ గదులు అద్దెకు తీసుకుని తరాలుగా కాపురముంటున్నవాళ్ల పేర్లు అందులో లేవు. ఆ మరుసటి ఏడాదే, 2018 జూలైలో, కిబేరా మీదుగా రోడ్డు వేయడానికి బుల్‌డోజర్లు వచ్చి వేలమంది ఇళ్లు నేలమట్టం చేశాయి. ఆ రోడ్డు మాత్రం ప్లానులో ఉంది.