బరంపురం బళ్ళో ‘తెలెంగా’

ఒడియాలో ‘తెలెంగా’ అంటే తెలుగువాడు, అంతే. పెళ్ళి ఊరేగింపులో తెలింగి బాజా మోగితే ఆ పేరుకి మర్యాదే. అదే మాట బళ్ళో వెనక బెంచీ నుంచి వస్తే మాత్రం తిట్టు. బరంపురంలో మా చుట్టాల పిల్లలు దీన్ని వింటూనే పెరిగారు. యాసని వెక్కిరించడం, ఆటలో చేర్చుకోకపోవడం, “మీ ఆంధ్రాకి పోండి” అనడం.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందని వెనక్కి చూస్తే, మొదట నలిగింది మనవాళ్ళు కాదు. గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కచేరీల్లోనూ బళ్ళలోనూ తెలుగువాళ్ళదే పైచేయి. తమ భాషకి చోటు లేదని ఒడియావాళ్ళు మొరపెట్టుకున్నారు. 1903లో బరంపురంలో గంజాం జాతీయ సమితి పేరుతో సభ జరుపుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం అందులోకి వెళ్ళింది, తక్కెడ అటు మొగ్గింది. పర్లాకిమిడిని కూడా కలిపేశారని గిడుగు రామమూర్తి గారు ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, బళ్ళు పెట్టిన మనిషి ఆయన.

కచేరీ భాష ఎవరిదో, బళ్ళో ధైర్యం వాళ్ళ పిల్లలది. కన్నడ మీడియంలో చదువుకున్న మాకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. అది పాఠం దాకా వస్తుంది, ఆటస్థలం దాకా రాదు.

నిజానికి బరంపురం కట్టుకున్న పట్టు నేసింది రాజమండ్రి వైపు నుంచి వచ్చిన దేరా నేతవాళ్ళే. రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి జాతరలో అమ్మవారు ఆ కులపెద్ద దేశి బెహెరా వీధికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది. “పోండి” అన్న పిల్లాడి ఇంటివాళ్ళూ అక్కడ మొక్కుతారు.

అందుకని, పిల్లలు ఏడుస్తూ ఇంటికొస్తే “పట్టించుకోకు” అని సరిపెట్టకండి. బడికి వెళ్ళి పంతుళ్ళతో మాట్లాడండి. ఇంట్లో మాత్రం చరిత్రని రెండు వైపులా చెప్పండి. 1936కి ముందుది దాచి తరవాతదే చెప్తే, రేపు మనవాళ్ళు ఎక్కువున్న చోట మన పిల్లలే ఇంకొకర్ని ఇలా పిలుస్తారు.