గుంటలోంచి కెరటాల దాకా

కాకినాడ రేవుకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్‌ను కట్టింది గోదావరే. రెండు శతాబ్దాలుగా నది మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు అక్కడ మేట వేసి దీవి అయింది. జనవరి నుంచి మార్చి దాకా ఆ తిన్నెల మీదికీ, సేక్రమెంటో దీవికీ, అంతర్వేది వైపు తీరానికీ రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. తల్లి వెనక కాళ్లతో మూరెడు లోతు గుంట తవ్వి, వంద గుడ్లకు అటూ ఇటూగా పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గుంట దగ్గరికి రాదు.

కుక్కలూ నక్కలూ ఆ గుడ్లను తవ్వి తింటాయి. ఒకప్పుడు మనుషులూ ఏరుకునేవారు. ఉప్పాడ లాంటి చోట్ల తీరమే కోసుకుపోతోంది. అందుకే గుడ్లను కంచె లోపలికి తెచ్చి పొదిగించే పని మొదలైంది. 1970ల తొలినాళ్లలో సరీసృపాల నిపుణుడు రోములస్ విటేకర్, ఆయన మిత్రులు మద్రాసు తీరంలో రాత్రులు నడిచి గుడ్లు సేకరించారు. 1988 నుంచి అక్కడి విద్యార్థులు ఆ పనిని కొనసాగించారు. ఆంధ్ర తీరంలో అటవీశాఖ, మత్స్యకార యువకులు కలిసి ఇదే పద్ధతిలో గుడ్లు కాపాడుతున్నారు.

మన దేశంలో 1975లో మొదలైన మొసళ్ల ప్రాజెక్టు ఇంకో అడుగు ముందుకేసింది. మొసలి గుడ్లు పొదిగించి, పిల్లలను సుమారు 1.2 మీటర్ల పొడవు దాకా పెంచి నదుల్లో వదిలారు. దానికి శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే వెలిసింది. మరి తాబేలు పిల్లలనూ అలా పెంచి వదలవచ్చు కదా?

అమెరికా ఆ ప్రయత్నం చేసింది. 1978 నుంచి మెక్సికో తీరపు కెంప్స్ రిడ్లే తాబేళ్ల గుడ్లను టెక్సస్‌లోని పాడ్రే ఐలాండ్ ఇసుకలో పొదిగించారు. పుట్టిన చోటు గుర్తుండాలని పిల్లలను కెరటాల దాకా నడిపించి, మళ్లీ పట్టుకుని, ఏడాది దాకా తొట్లలో పెంచి వదిలారు. అలా పెరిగినవాటిలో గుడ్లు పెట్టడానికి తిరిగి వచ్చినట్టు మొదట రుజువైనది 1996లో. ఈలోపే ఆ ప్రయోగం ఆగిపోయింది.

ఇసుక చీల్చుకుని పైకి వచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు పాకుతుంది. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదిదే. వీధి దీపాలుంటే దారి తప్పుతుంది. నీళ్లు తగలగానే దాదాపు ఒక రోజంతా ఆగకుండా ఈదుతుంది. ఒడ్డు దగ్గర పొంచి ఉన్న చేపలను దాటించేది ఆ ఊపే, ఆ ఊపుకు ఇంధనం కడుపులో మిగిలిన పచ్చసొనే. తెల్లవారాక జనం చూడాలనో, అతిథుల చేత వదిలించాలనో పిల్లలను గంటల తరబడి తొట్టిలో ఉంచితే ఆ శక్తి అక్కడే కరిగిపోతుంది.

గుడ్ల దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. పెట్టిన కొద్ది గంటల్లోనే, పైది కిందికి తిరగకుండా తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం చచ్చిపోవచ్చు. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువవుతాయి కనుక కంచె మీద వేసే నీడ కూడా లెక్కలోకి వస్తుంది.

అందుకే పిల్లలు బయటపడ్డ రాత్రే, దీపాలు ఆర్పి, బుట్టను నీటికి కొన్ని గజాల ఇవతలే వంచాలి. మర్నాడు బయటపడ్డ పిల్లలను ఇంకో చోట వదలాలి, చేపలకు ఆ జాడ అలవాటు కాకుండా. ఆ కాస్త తడి ఇసుక మీద మాత్రం పిల్లలు తమంతట తామే పాకాలి.